నలుపు తెలుపుల కొలత

ఛాయాచిత్రమున రంగులు లేకపోవుట లోపమని కొందరు తలతురు. కాని నలుపునకును తెలుపునకును నడుమనున్న బూడిద ఛాయలను చెదరకుండ నిలుపుట రంగులను దిద్దుటకంటె సులువైన పని కాదు. ఆ విద్యకు మన తెలుగుగడ్డపై ఘనమైన చరిత్ర కలదు.

1844లో మీరట్ చెంత సర్ధనాలో జన్మించి, రూర్కీలో ఇంజనీరింగు చదివిన లాలా దీన్ దయాళ్ 1886లో సికిందరాబాదున చిత్రశాలను నెలకొల్పెను. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను ఆయనను 'ముసవ్విర్ జంగ్' బిరుదముతో గౌరవించెను. గాజు పలకపై పట్టిన బొమ్మను, గ్రుడ్డు తెల్లసొన పూసిన కాగితముపై ఎండలో అచ్చు తీయుట ఆ కాలపు పద్ధతి. ఆ కాగితమునకు తగినట్లు పలకయందు వెలుగునీడల అంతరము హెచ్చుగా నుండవలెను. ఈ పొందికను కుదుర్చుటకు నాడు కన్నును అనుభవమును ఆధారములు. 1890లో ఇంగ్లండున హర్టర్, డ్రిఫీల్డ్ అను ఇరువురు పలకలోని నలుపు చిక్కదనమును అంకెలలో కొలుచు మార్గమును ప్రకటించిరి. అంచనా నాటినుండి శాస్త్రమాయెను.

దీన్ దయాళ్ గాజు పలకలు పెక్కు నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున భద్రముగా నున్నవి. అట్టి పలకల బొమ్మను కంప్యూటరు తెరపై చూచి మరల కాగితముపై అచ్చు వేయునప్పుడు పాత చిక్కే కొత్త రూపున ఎదురగును. తెర తానే వెలుగును చిమ్మును. కాగితము తనపై పడిన వెలుగును మాత్రమే తిప్పి పంపును. తెర వెలుగు మితిమీరెనా, అందు ముచ్చటగా కనిపించిన బొమ్మ కాగితముపై చీకటి కమ్మి వచ్చును.

కావున నిపుణులు కొలత పరికరమును తెరకు ఆనించి, తెలుపు వెలుగు చదరపు మీటరునకు 80 నుండి 120 కాండెలాల నడుమ నుండునట్లు అమర్తురు. అచ్చును 5000 కెల్విన్ల దీపకాంతిలో పరికింతురు. తెలుపునుండి నలుపువరకు మెట్లుగల పట్టీని ముందుగా అచ్చు తీసి, చివరి నల్లని మెట్లు ఒకదానిలో నొకటి కలిసిపోవుచున్నవేమో చూతురు. ఇంత చేసినను రెండును ఒకటి కావు. మెరుగు కాగితముపైనున్న గాఢమైన నలుపు సైతము పడిన వెలుగులో సుమారు నూరింట ఒక వంతును తిప్పి పంపును. తెర నలుపు అంతకంటె లోతైనది. ఆ తేడా నెరిగి ఛాయలను సర్దుటయే నేర్పు.

ఇది చిత్రశాలలకే చెందిన ముచ్చట కాదు. కోడుమూరు, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల ఇండ్లలో గోడలకు వ్రేలాడు పెద్దల బొమ్మలు వెలిసిపోవుచున్నవి. వానికి కొత్త ప్రతి తీయించునప్పుడు మనము తళుకునకు మురియరాదు. పాత బొమ్మను, కొత్త దానిని పగటి వెలుగున ప్రక్కప్రక్కన నుంచి చూడవలెను. తాతగారి తెల్లని తలరుమాలు మడతలు, అవ్వ నల్లని కొప్పులోని పాయలు రెండింటను ఒక్కతీరున కనిపించినచో ఆ ప్రతి నమ్మదగినది. అంతవరకు పాతదానిని పారవేయకుందము.