తప్పులకూ పుట్టిన తేదీలున్నాయి

1787లో ఫిలడెల్ఫియాలో సంతకాలు పడిన అమెరికా రాజ్యాంగపు తోలుకాగితం ఇప్పటికీ భద్రంగా ఉంది. దాన్ని చేత్తో రాసినవాడు జేకబ్ షాలస్, పెన్సిల్వేనియా శాసనసభలో గుమస్తా. మొదటి అధికరణం పదో సెక్షన్‌లో, తనిఖీ చట్టాల అమలుకు తప్పనిసరైన మేరకు మించి రాష్ట్రాలు సరుకుల మీద సుంకాలు వేయరాదని ఒక వాక్యం ఉంది. అందులో ‘దాని’ అనే అర్థంలో వచ్చిన ‘ఇట్స్’ను చూడండి: టి, ఎస్ అక్షరాల నడుమ అపాస్ట్రఫీ కనిపిస్తుంది. ఇంగ్లిష్‌లో తరచూ దొర్లే తప్పులను ఏకరువు పెట్టే ఏ పుస్తకం తెరిచినా ముందు వరసలో ఉండేది ఇదే. ‘ఇట్ ఈజ్’కు కుదింపుగా రాస్తే అపాస్ట్రఫీ పెట్టాలి, ‘దాని’ అని చెప్పాలంటే పెట్టకూడదు. షాలస్ ఈ నియమాన్ని మీరలేదు, ఎందుకంటే ఆనాటికి అది స్థిరపడలేదు. థామస్ జెఫర్సన్ కూడా అలాగే రాసేవాడు. అట్లాంటిక్‌కు అవతల జేన్ ఆస్టెన్ తన ఉత్తరాల్లో అలాగే రాసింది.

అసలు ఆ మాటే వయసులో చిన్నది. పాత ఇంగ్లిష్‌లో నపుంసకలింగానికి కూడా ‘హిస్’ అనే వాడేవారు. 16వ శతాబ్దం చివర్లో ‘ఇట్’కు ఎస్ తగిలించిన కొత్త రూపం వాడుకలోకి వచ్చింది. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్ తొలి ముద్రణలో అది కనబడదు. లేవీయకాండం 25వ అధ్యాయంలో ఒకచోట అవసరం పడితే అనువాదకులు ఎస్ లేని ఉత్త ‘ఇట్’తోనే సరిపెట్టారు. 1623లో అచ్చయిన షేక్‌స్పియర్ నాటకాల సంపుటిలో ఈ రూపం కొద్దిచోట్ల ఉంది, అదీ ఎక్కువగా అపాస్ట్రఫీతోనే. మనిషి పేరు పక్కన స్వామ్యం తెలపడానికి అపాస్ట్రఫీ పెడుతున్నప్పుడు దీనికి ఎందుకు పెట్టకూడదని షాలస్ లాంటివాళ్లు అనుకుని ఉంటే, తర్కం వాళ్ల పక్షానే ఉంది. ఆ తర్వాత అచ్చుకూటాలూ బడిపుస్తకాలూ కలిసి ఒక పద్ధతికి వచ్చాయి. మనం ఇంగ్లిష్ తప్పులని బట్టీ పట్టినవాటిలో చాలావాటికి ఇలా ఒక పుట్టిన తేదీ ఉంది, కొన్నింటికి కన్నతండ్రి పేరు కూడా ఉంది. ఆ చరిత్రను పక్కన పెట్టి అన్నింటి కిందా ఒకే ఎర్రగీత గీయడం వల్ల ఇంగ్లిష్ నేర్చుకునే పిల్లలకు అన్యాయం జరుగుతోందన్నది నా వాదన.

వాక్యం చివర ప్రిపొజిషన్ ఉండరాదన్న నియమం ఇందుకు మంచి సాక్ష్యం. 1672లో కవి జాన్ డ్రైడెన్ తన ముందుతరం నాటకకర్త బెన్ జాన్సన్‌లో దోషాలు వెతుకుతూ, ఒక వాక్యం చివర ప్రిపొజిషన్ మిగిలిపోయిందని ఎత్తిచూపాడు. ఆ దోషం తన రచనల్లోనూ ఉందని అక్కడే ఒప్పుకున్నాడు. 1668లో తాను ప్రచురించిన నాటక కవిత్వ వ్యాసాన్ని 1684లో మళ్లీ అచ్చువేసేటప్పుడు ఆ ప్రిపొజిషన్లను ఒక్కొక్కటిగా చివరి నుంచి లోపలికి జరిపాడు. ఇంగ్లిష్ జనం అప్పటికే శతాబ్దాలుగా అలా మాట్లాడుతున్నారు, ఈనాటికీ మాట్లాడుతున్నారు. ఒక పెద్దకవి అభిరుచి వ్యాకరణ సూత్రంగా మారిన తీరు ఇది.

అభిరుచి సూత్రం కావడానికి 18వ శతాబ్దపు ఇంగ్లండ్ అనువైన చోటు. ఫ్రాన్స్‌కు భాషా అకాడమీ ఉంది, ఇంగ్లండ్‌కు లేదు. అలాంటిది కావాలని 1712లో జొనాథన్ స్విఫ్ట్ ప్రభుత్వానికి విన్నవించాడు, కానీ అది రాలేదు. 1755లో నిఘంటువు వెలువరించిన శామ్యూల్ జాన్సన్ అయితే, భాషను మార్పు లేకుండా నిలిపేయవచ్చని మొదట ఆశపడ్డాననీ, అది అయ్యే పని కాదని తెలిసిందనీ ముందుమాటలోనే చెప్పాడు. ఈలోగా వ్యాపారంలో పైకొచ్చిన కుటుంబాలకు పెద్దమనుషుల్లా మాట్లాడటం, రాయడం అవసరమైంది. వ్యాకరణ పుస్తకాలకు గిరాకీ పెరిగింది. 1762లో రాబర్ట్ లౌత్ తన పేరు వేసుకోకుండా చిన్న ఇంగ్లిష్ వ్యాకరణం తెచ్చాడు. ఆయన హీబ్రూ పండితుడు, తర్వాత లండన్ బిషప్ అయ్యాడు. పుటల అడుగున పాదసూచికల్లో షేక్‌స్పియర్, మిల్టన్, స్విఫ్ట్ వాక్యాలనే తప్పులకు ఉదాహరణలుగా చూపించాడు. ఆ భాషలో ఇంతకు మించిన రచయితలు లేరు. వాళ్లందరూ చేసిన పనిని తప్పని అనాలంటే ఒప్పుకు కొలమానం ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి? ఈ ప్రశ్నకు లౌత్ పుస్తకంలో సంతృప్తికరమైన జవాబు నాకు కనబడదు.

అయినా లౌత్‌ను మొండి పండితుడిగా చూపడం న్యాయం కాదు. చివర వచ్చే ప్రిపొజిషన్ గురించి రాస్తూ, ఇది మన భాషకు బాగా ఇష్టమైన పద్ధతి అని ఒప్పుకుంటూ, ఆ వాక్యాన్నే ప్రిపొజిషన్‌తో ముగించాడు. మాటల్లో పనికొస్తుందనీ, గంభీరమైన రచనలో మరోలా ఉంటే బాగుంటుందనీ మాత్రమే ఆయన ఉద్దేశం. 1795లో లిండ్లీ మరే వచ్చాడు. అమెరికాలో లాయరుగా ఉండి, ఇంగ్లండ్‌కు తరలి యార్క్ దగ్గర స్థిరపడిన క్వేకర్ మతస్థుడు. అక్కడి ఆడపిల్లల బడి కోసం రాసిన ఆయన వ్యాకరణం రెండు దేశాల్లోనూ లెక్కకు మిక్కిలిగా అమ్ముడుపోయింది. లౌత్ మాటల్ని చాలామటుకు యథాతథంగా తీసుకున్న మరే ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి ప్రిపొజిషన్‌ను చివరి నుంచి తీసి ముందుకు జరిపాడు. ఒక్క చిన్న మాట స్థానం మారింది. దాంతో లౌత్ చూపిన వెసులుబాటు పోయింది. బడిపిల్లల దాకా చేరింది మరే దిద్దిన రూపమే.

‘లెస్’, ‘ఫ్యూవర్’ సంగతి ఇంకా స్పష్టం. లెక్కపెట్టగలిగే వాటికి ఫ్యూవర్, పెట్టలేని వాటికి లెస్ అని మనం నేర్చుకుంటాం. ఈ తేడాను 1770లో తొలిసారి పేర్కొన్న రాబర్ట్ బేకర్ దాన్ని నియమంగా ప్రకటించలేదు, ఫ్యూవర్ తనకు మరింత సొగసుగా, మరింత సరైనదిగా తోస్తుందని మాత్రమే రాశాడు. అంతకు దాదాపు తొమ్మిది వందల ఏళ్ల ముందు, రాజు ఆల్ఫ్రెడ్ పేరిట ఉన్న అనువాదంలోనే లెక్కించదగిన వాటికి లెస్ వాడారు. 2008లో బ్రిటన్‌లోని టెస్కో దుకాణాలు పది వస్తువులో అంతకు తక్కువో కొన్నవారి వరసకు పెట్టిన బోర్డు మీద ‘లెస్’ తప్పన్న గొడవ పడలేక, ‘పది వస్తువుల వరకు’ అని మార్చేశాయి. బేకర్ ఇష్టం దాదాపు రెండున్నర శతాబ్దాలకు దుకాణం బోర్డును మార్చగలిగింది.

మరి తికమక పెట్టే మాటల జంటలన్నీ ఇలా కొట్టిపారేయదగినవేనా అంటే, కాదు. ‘డిసిన్‌టరెస్టెడ్’ అంటే స్వార్థం, పక్షపాతం లేని. ‘అన్‌ఇంటరెస్టెడ్’ అంటే ఆసక్తి లేని. మొదటి మాటను రెండో అర్థంలో వాడితే భాష దిగజారిపోయిందని వాపోయేవాళ్లున్నారు. 17వ శతాబ్దపు రికార్డు చూస్తే తారుమారుగా ఉంటుంది: డిసిన్‌టరెస్టెడ్‌ను ఆసక్తి లేని అనే అర్థంలో జాన్ డన్ వాడాడు, అన్‌ఇంటరెస్టెడ్ తొలి అర్థమేమో పక్షపాతం లేని అని. ఇప్పుడు పాటిస్తున్న తేడా తర్వాతి కాలం కల్పన. అయినా అది నిలవాలనే నేను కోరుకుంటాను. న్యాయమూర్తికి పక్షపాతం ఉండకూడదు, ఆసక్తి మాత్రం ఉండి తీరాలి. రెండింటికీ ఒకే మాటైతే నష్టం. ఒక నియమాన్ని నిలబెట్టేది దాని వయసు కాదు, దానివల్ల అర్థానికి కలిగే లాభం. అఫెక్ట్, ఎఫెక్ట్ క్రియలుగా తారుమారైతే ప్రభావం చూపడం కాస్తా సాధించడం అయిపోతుంది. అక్కడ తప్పు తప్పే.

నియమాలకు పుట్టిన తేదీలు చెబితే పిల్లలు దేన్నీ లెక్కచేయరన్న అభ్యంతరం గట్టిదే. దానికి జవాబు భాషలోనే ఉంది. ఇంగ్లిష్ తల్లిభాషగా పెరిగే పిల్లలెవరూ ఆర్టికల్‌ను నామవాచకం తర్వాత పెట్టరు, ‘రెడ్ బిగ్ బుక్’ అనరు. ఈ నియమాలను వాళ్లకు లౌత్ చెప్పలేదు, మరే చెప్పలేదు. ఎవరూ ప్రకటించకుండానే అందరూ పాటించేవే భాషకు అసలు ఎముకలు. తెలుగులో ఆర్టికల్స్ లేవు కాబట్టి మన పిల్లలకు కష్టం సరిగ్గా ఇక్కడే ఉంది, శ్రమ పెట్టాల్సిందీ ఇక్కడే. ఇంగ్లిష్‌వాళ్లకే పట్టింపు లేని సూత్రాల మీద ఆ శ్రమలో సగం ఖర్చవడం నాకు బాధ కలిగిస్తుంది.

ఆ ఖర్చుకు వలసపాలన కొంత కారణం. నెస్‌ఫీల్డ్ వ్యాకరణం మన బడుల్లోకి వచ్చింది ప్రభుత్వ విద్యాశాఖ అధికారి కలం నుంచి. 1930లలో వచ్చిన రెన్ అండ్ మార్టిన్ రచయితల్లో ఒకడైన పి.సి. రెన్ బొంబాయి ప్రెసిడెన్సీ విద్యాశాఖలో పనిచేసినవాడు, ‘బో జెస్ట్’ నవల రాసినవాడు. తెలుగునాట తరాల తరబడి ఇంగ్లిష్ అంటే ఆ పుస్తకమే. 1907లో బొంబాయి సివిల్ సర్వీసు అధికారి విట్‌వర్త్ భారతీయుల ఇంగ్లిష్ తప్పుల మీద ఏకంగా ఒక గ్రంథమే రాశాడు. పాలకుల భాషలో తప్పు దొర్లితే పరువు పోతుందన్న భయం అప్పటిది. చట్టానికీ వ్యాకరణ సూత్రాల నీడ తప్పలేదు. ఎవరో తెలియని ఒక మనిషికి ‘దే’ అనడం ఇంగ్లిష్‌లో 14వ శతాబ్దం నుంచి ఉన్నా, వ్యాకరణవేత్తలు ‘హి’ అనాలన్నారు. 1850లో బ్రిటిష్ పార్లమెంటు చట్టాల్లో పురుషవాచకం స్త్రీలకూ వర్తిస్తుందని రాసింది. మన 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 13వ సెక్షన్ కూడా అదే చెబుతుంది.

పరీక్షల్లో, ఉద్యోగాల్లో ఈ నియమాలనే అడుగుతారు కదా అన్నది రెండో అభ్యంతరం. అడుగుతారు, కాబట్టి నేర్పాలి. కానీ ఇది అచ్చు సంప్రదాయం, ఇది ఒకరి ఇష్టం, ఇది భాష ఎముక అని విడదీసి నేర్పితే మార్కులేమీ తగ్గవు. గ్రాంథికం పట్టుదల మీద గిడుగు రామమూర్తి చేసిన పోరాటం మన ముందుంది. సూత్రాలు చెప్పే పండితుల రాతల్లోనే ఆయన దోషాలు ఎత్తి చూపించారు, పాత గద్యంలోంచి వాడుకను సాక్ష్యంగా తెచ్చారు. ఇంగ్లిష్ తప్పులనూ అదే గీటురాయి మీద గీయవచ్చు. ‘ప్రీపోన్’ మన ఆఫీసుల్లో రోజూ నడిచే మాట, దానికి ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో చోటు దొరికింది. ఇక దాన్ని తప్పని కొట్టేసే హక్కు ఎవరికీ లేదు. ‘డిస్కస్ అబౌట్’ సంగతి వేరు. మన ‘గురించి’ అందులోకి దిగింది, ఇంగ్లిష్ అచ్చు ఇంకా దాన్ని ఒప్పుకోలేదు. అందుకని పిల్లవాడి నోట్‌బుక్‌లో దాన్ని దిద్దాల్సిందే. దిద్దేటప్పుడు పక్కన రెండు ముక్కలు రాస్తే చాలు: ‘టాక్’కు ‘అబౌట్’ కావాలి, ‘డిస్కస్’కు విషయం నేరుగా వచ్చి చేరుతుంది.