ప్రయాణంలో కారు ఇంజను శక్తి తగ్గుట

ప్రయాణంలో కారు ఇంజను శక్తి తగ్గుట అనగా కారు నడుస్తున్న సమయంలో యాక్సిలరేటరు తొక్కినప్పటికీ వేగం పెరగకపోవడం, ఎత్తు ఎక్కలేకపోవడం లేదా ఇంజను పూర్తిగా ఆగిపోవడం. వాడుకలో దీనిని "బండి లాగడం లేదు", "పికప్ లేదు", "మిస్ కొడుతోంది" అని అంటారు. ఇది ఏ ప్రాంతంలోనైనా ఎదురయ్యే సమస్యే. అయితే వేసవిలో తీవ్రమైన ఎండలు, గనుల దుమ్ము, ఘాట్ రోడ్లు, ఊరికీ ఊరికీ మధ్య దూరం ఎక్కువగా ఉండటం వలన రాయలసీమలోని కర్నూలు, కడప ప్రాంతాలలో దీనికి ప్రత్యేక ప్రాధాన్యత ఉంది. శక్తి తగ్గడానికి కారణమైన లోపం చాలాసార్లు చిన్నదే అయి ఉంటుంది. వేగంగా వాహనాలు తిరిగే రహదారిపై కారు నిలిచిపోవడం వలన కలిగే ప్రమాదం మాత్రం పెద్దది.

భౌగోళిక నేపథ్యం

హైదరాబాదు - బెంగుళూరు మార్గమైన జాతీయ రహదారి 44 కర్నూలు, వెల్దుర్తి, డోన్ మీదుగా పోతుంది. 2010లో రహదారుల సంఖ్యలు మార్చక ముందు ఇది 7వ నంబరు జాతీయ రహదారిలో భాగం. కర్నూలు నుండి ఓర్వకల్లు, నంద్యాల, ఆళ్లగడ్డ, చాగలమర్రి, మైదుకూరు, కడప, రాయచోటి మీదుగా చిత్తూరు వైపు వెళ్ళే రహదారి ప్రస్తుతం జాతీయ రహదారి 40. దీని పాత సంఖ్య 18.

ఈ ప్రాంతంలో ఇంజనుకు పరీక్ష పెట్టే ఎత్తులు ప్రధానంగా మూడు చోట్ల ఉన్నాయి.
* కడప - రాయచోటి మధ్య గువ్వలచెరువు ఘాట్. పాలకోవాకు పేరుపొందిన గువ్వలచెరువు గ్రామం ఇక్కడే ఉంది.
* నంద్యాల - గిద్దలూరు మధ్య నల్లమల ఘాట్.
* ఆత్మకూరు - దోర్నాల - శ్రీశైలం అటవీ మార్గం.

ఏప్రిల్, మే నెలలలో కర్నూలు, నంద్యాల, కడప పట్టణాలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటడం సాధారణం. బేతంచెర్ల, కొలిమిగుండ్ల ప్రాంతాలలో నాపరాయి గనులు, యర్రగుంట్ల పరిసరాలలో సిమెంటు కర్మాగారాలు, మంగంపేటలో ముగ్గురాయి గనులు ఉన్నాయి. రాయి, ముడిసరుకు మోసే లారీలు తిరిగే దారులలో సన్నటి దుమ్ము నిరంతరం లేస్తూ ఉంటుంది.

కారణాలు

ఇంజను పనిచేయడానికి గాలి, ఇంధనం, సరైన సమయంలో జ్వలనం అవసరం. పుట్టిన వేడి బయటకు పోవాలి. పుట్టిన శక్తి చక్రాలకు చేరాలి. ఈ గొలుసులో ఎక్కడ ఆటంకం కలిగినా కారు లాగదు.

గాలి
ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో పూడుకుపోతే ఇంజనుకు చాలినంత గాలి అందదు. గనుల దారులలో తిరిగే కార్లకు కంపెనీ పుస్తకంలో చెప్పిన గడువు కంటే ముందుగానే ఫిల్టరు మార్చవలసి ఉంటుంది. డీజిలు కార్లలో టర్బో గొట్టం చీలినా, ఊడినా శక్తి ఒక్కసారిగా పడిపోయి నల్లటి పొగ వస్తుంది. వేడిగాలి పలుచగా ఉండటం కూడా కొంత కారణమే. 25 డిగ్రీల వద్ద ఉన్న గాలితో పోలిస్తే 45 డిగ్రీల వద్ద గాలి సాంద్రత సుమారు 6 శాతం తక్కువ. టర్బో లేని చిన్న పెట్రోలు కారులో ఏ.సి. వేసుకుని నలుగురు కూర్చుని ఘాట్ ఎక్కుతుంటే ఈ తేడా తెలుస్తుంది. దీనిని లోపంగా భావించనవసరం లేదు.

ఇంధనం
ఇంధన ఫిల్టరులో మడ్డి చేరడం, ట్యాంకులోని పంపు బలహీనపడటం, ఇంధనంలో నీరు కలవడం ముఖ్య కారణాలు. డీజిలు కార్లలో నీటిని వేరుచేసే ఫిల్టరు ఉంటుంది. అందులో నీరు నిండితే చాలా కార్లలో హెచ్చరిక దీపం వెలుగుతుంది. ట్యాంకులోని పంపును చుట్టూ ఉన్న ఇంధనమే చల్లబరుస్తుంది కాబట్టి, ఎండాకాలంలో ట్యాంకును అడుగంటే వరకు వాడటం మంచిది కాదు.

జ్వలనం, విద్యుత్తు
స్పార్కు ప్లగ్గులు అరిగినా, ఇగ్నిషను కాయిలు దెబ్బతిన్నా ఒక సిలిండరు పనిచేయక ఇంజను కుదుపులతో నడుస్తుంది. ఆల్టర్నేటరు బెల్టు తెగితే బ్యాటరీలో ఉన్న విద్యుత్తుతో కారు కొంతదూరం నడిచి, దీపాలు మసకబారి, తరువాత ఆగిపోతుంది.

వేడి
కూలెంటు కారిపోవడం, రేడియేటరు ఫ్యాను తిరగకపోవడం, థర్మోస్టాటు బిగుసుకుపోవడం వలన ఇంజను వేడెక్కుతుంది. బోరు నీటిలో లవణాలు ఎక్కువ. కూలెంటుకు బదులు అలాంటి నీటినే ఏళ్ల తరబడి పోస్తే రేడియేటరు సన్నటి గొట్టాలలో తెల్లటి పొర పేరుకుని వేడి బయటకు పోదు.

చక్రాలకు శక్తి అందకపోవడం
ఇంజను బాగానే ఉండి, క్లచ్ ప్లేటు అరిగిపోయినా, బ్రేకు పట్టుకుని వదలకపోయినా కారు లాగదు. హ్యాండ్ బ్రేకు పూర్తిగా దించకుండా నడపడం కూడా ఇటువంటి ఫలితాన్నే ఇస్తుంది.

రక్షణ విధానం
ఇంజనును నియంత్రించే కంప్యూటరు ఏదైనా సెన్సారు తప్పు సమాచారం ఇస్తున్నదని గుర్తించినప్పుడు, ఇంజను పాడవకుండా శక్తిని తానే పరిమితం చేస్తుంది. అప్పుడు కారు తక్కువ వేగంతో మాత్రమే నడుస్తుంది. విద్యుత్ కార్లలో కూడా బ్యాటరీ బాగా తగ్గినప్పుడు లేదా బాగా వేడెక్కినప్పుడు శక్తి ఇదే విధంగా తగ్గుతుంది.

లక్షణాలను బట్టి గుర్తించుట

* ఇంజను శబ్దం, చక్రభ్రమణాల ముల్లు పెరుగుతూ వేగం పెరగకపోతే: క్లచ్ జారుతున్నది.
* ఉష్ణోగ్రత ముల్లు ఎరుపు గీత వైపు పోతే: ఇంజను వేడెక్కింది. ముల్లు పైకి పోయి ఒక్కసారిగా కిందికి పడిపోతే కూలెంటు పూర్తిగా ఖాళీ అయి ఉండవచ్చు. దానిని చల్లబడినట్లుగా భావించరాదు.
* కుదుపులతో నడుస్తూ ఇంజను గుర్తు గల పసుపు దీపం మిణుకుమిణుకుమంటే: ఒక సిలిండరు పనిచేయడం లేదు.
* మెల్లగా పోతే బాగుండి, ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రమే శక్తి చాలకపోతే: ఇంధన ఫిల్టరు లేదా ఎయిర్ ఫిల్టరు.
* ఒక చక్రం వద్ద మాత్రమే విపరీతమైన వేడి, కాలిన వాసన ఉంటే: బ్రేకు పట్టుకున్నది.
* బ్యాటరీ గుర్తు వెలిగి దీపాలు మసకబారితే: ఆల్టర్నేటరు లేదా దాని బెల్టు.
* ఎరుపు రంగు నూనె డబ్బా గుర్తు వెలిగితే: ఇంజనులో ఆయిలు ఒత్తిడి లేదు. వెంటనే నిలిపి ఇంజను ఆపాలి. సమీప పట్టణం వరకు పోదామనుకుంటే ఇంజను బిగుసుకుపోతుంది.

స్థూలంగా, పసుపు దీపం వెలిగితే మెల్లగా మెకానిక్ షెడ్డు వరకు పోవచ్చు, ఎరుపు దీపం వెలిగితే సురక్షితమైన చోట వెంటనే ఆగాలి.

రహదారిపై చేయవలసినవి

శక్తి తగ్గుతున్నదని గమనించిన వెంటనే నాలుగు దీపాలూ మిణుకుమనే హజార్డ్ స్విచ్ వేయాలి. ఏ.సి. ఆపాలి. అద్దాలలో వెనుక వచ్చే వాహనాలను చూసుకుంటూ క్రమంగా ఎడమ అంచుకు రావాలి. ఉన్న వేగం పూర్తిగా పోకముందే ఆగే చోటును ఎంచుకోవాలి. మలుపు, వంతెన, రెండు లైన్ల మధ్య భాగం ఆగడానికి పనికిరావు. కొద్దిదూరంలో పెట్రోలు బంకు, ధాబా లేదా టోల్ ప్లాజా ఉంటే అక్కడికి చేరుకోవడం ఉత్తమం.

ఇంజను పూర్తిగా ఆగిపోతే స్టీరింగు, బ్రేకు బిగుసుకున్నట్లు అనిపిస్తాయి. నిజానికి అవి పనిచేస్తూనే ఉంటాయి, ఎక్కువ బలం మాత్రం కావాలి. బ్రేకుకు సహాయపడే శూన్యపీడనం ఒకటి రెండు సార్లకు మాత్రమే మిగిలి ఉంటుంది. కనుక పదే పదే తొక్కి వదలకుండా ఒకేసారి గట్టిగా, నిలకడగా తొక్కాలి. కారు కదులుతుండగా తాళంచెవి బయటకు తీయరాదు, తీస్తే స్టీరింగు లాకవుతుంది.

ఆగిన తరువాత ప్రయాణికులు ఎడమవైపు తలుపుల నుండి దిగి, రహదారి అంచున ఉన్న ఇనుప కడ్డీకి అవతల, కారుకు దూరంగా నిలబడాలి. కారు వెనుక నిలబడి తొయ్యడం, డిక్కీలో సామాను వెతకడం ప్రాణాపాయకరం. కారుతో పాటు ఇచ్చే ఎరుపు రంగు త్రికోణాన్ని వెనుక కనీసం 50 మీటర్ల దూరంలో, మలుపు ఉంటే మలుపుకు ముందే పెట్టాలి. చెట్టు కొమ్మలు, రాళ్లు పెట్టే అలవాటు ఉన్నది గాని రాత్రివేళ కొమ్మ వెలుతురును తిప్పికొట్టదు. వెళ్లేటప్పుడు తీయకుండా వదిలిన రాయి మరొక ప్రమాదానికి కారణమవుతుంది.

రాత్రివేళ రహదారిపై కనబడకుండా ఉండిపోయిన వస్తువు ఎంతటి విషాదానికి దారితీయగలదో 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు సమీపంలోని చిన్నటేకూరు వద్ద జరిగిన ప్రమాదం తెలియజేస్తుంది. హైదరాబాదు నుండి బెంగుళూరు వెళ్తున్న ప్రైవేటు బస్సు, అంతకు ముందే ప్రమాదానికి గురై జాతీయ రహదారి 44పై పడి ఉన్న మోటారు సైకిలును ఈడ్చుకుపోవడంతో మంటలు చెలరేగి 19 మంది బస్సు ప్రయాణికులు మరణించారు. అది కారు చెడిపోయిన సంఘటన కాకపోయినా, నిలిచిపోయిన వాహనాన్ని వెనుక వచ్చేవారికి కనబడేలా చేయడం, సహాయ కేంద్రానికి వెంటనే తెలపడం ఎందుకు ముఖ్యమో దానివలన అర్థమవుతుంది.

జాతీయ రహదారులపై సహాయానికి 1033, అత్యవసర పరిస్థితులకు 112, అంబులెన్సుకు 108 నంబర్లకు ఫోను చేయాలి. కిలోమీటరు రాయిపై ఉన్న సంఖ్యను, చివరగా దాటిన ఊరి పేరును చెబితే సహాయం త్వరగా అందుతుంది.

ఇంజను వేడెక్కినప్పుడు

నీడలో ఆపి, ఇంజను ఆపి, బానెట్ ఎత్తి కనీసం అరగంట ఆగాలి. వేడిగా ఉన్నప్పుడు రేడియేటరు మూత తీయరాదు. లోపల ఒత్తిడిలో ఉన్న నీరు మూత వదులుకాగానే ఆవిరిగా మారి ముఖం, చేతులపైకి చిమ్ముతుంది. వేడి ఇంజనుపై చన్నీళ్లు పోస్తే లోహం పగిలే అవకాశం ఉంది. ఆగడానికి వెంటనే చోటు దొరకకపోతే, హీటరు పూర్తిగా వేసి కిటికీలు తెరిచి నడపడం ద్వారా ఇంజను వేడిలో కొంత భాగాన్ని బయటకు పంపవచ్చు. మే నెలలో ఇది ఇబ్బందికరమే అయినా కొద్ది దూరానికి ఉపయోగపడుతుంది.

చల్లబడిన తరువాత కూలెంటు లేకపోతే మంచినీరు పోసి సమీప షెడ్డు వరకు పోవచ్చు. ఎండలో నిలబడినవారికి వడదెబ్బ తగిలే ప్రమాదం ఉన్నందున, వేసవిలో ఇంజనుకు 5 లీటర్లు, మనుషులకు వేరుగా తాగునీరు తీసుకువెళ్లడం మంచిది. పిల్లలను, వృద్ధులను ఆగిపోయిన కారులో కూర్చోబెట్టి ఉంచరాదు.

ఘాట్ రోడ్లు, అటవీ మార్గాలు

ఎత్తు ఎక్కేటప్పుడు బండి లాగకపోతే ముందుగానే తక్కువ గేరుకు రావాలి. ఆగిపోతే హ్యాండ్ బ్రేకు వేసి, మొదటి గేరులో ఉంచి, వెనుక చక్రాల కింద రాళ్లు పెట్టాలి. కారును వెనక్కు దొర్లించుకుంటూ దించే ప్రయత్నం చేయరాదు. దిగేటప్పుడు ఇంజను ఆగినా గేరులోనే ఉంచితే వేగం కొంతవరకు అదుపులో ఉంటుంది. ఇంధనం ఆదా అవుతుందని న్యూట్రల్‌లో దిగడం ప్రమాదకరం.

దోర్నాల - శ్రీశైలం మార్గం నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం గుండా పోతుంది. రాత్రివేళ అటవీ చెక్‌పోస్టుల వద్ద వాహనాలను నిలిపివేస్తారు. చాలాచోట్ల సెల్‌ఫోను సంకేతాలు అందవు. ఇక్కడ కారు ఆగితే సహాయం కోసం అడవిలో నడుచుకుంటూ పోకుండా, వచ్చిపోయే బస్సు డ్రైవరు ద్వారా చెక్‌పోస్టుకు కబురు పంపడం సురక్షితం.

వానాకాలం

పొడి ప్రాంతమైనప్పటికీ ఇక్కడ వరదలు అపరిచితం కావు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ నదుల వరదలో కర్నూలు నగరం మునిగింది. 2021 నవంబరులో చెయ్యేరుపై ఉన్న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట ప్రాంత గ్రామాలు దెబ్బతిన్నాయి. వాగు దాటుతుండగా కారు ఆగిపోతే తిరిగి స్టార్టు చేయరాదు. గాలి గొట్టం ద్వారా సిలిండరులోకి చేరిన నీరు కుదించుకుపోదు కాబట్టి, లోపలి కడ్డీలు వంగి ఇంజను పూర్తిగా పాడవుతుంది. నీరు పెరుగుతుంటే కారును వదిలి మనుషులు గట్టుకు చేరాలి.

చరిత్ర

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లు, తొలినాటి మారుతి 800 కార్లు కార్బురేటరు గలవి. వేసవిలో ఇంజను వేడికి పెట్రోలు గొట్టంలోనే ఆవిరై పంపుకు అందక కారు ఆగిపోయేది. డ్రైవర్లు పెట్రోలు పంపుపై తడిగుడ్డ చుట్టి చల్లబరచి మళ్లీ బయలుదేరేవారు. 2000 తరువాత కార్బురేటర్ల స్థానంలో ఇంధనాన్ని ఒత్తిడితో చిమ్మే విధానం రావడంతో ఈ సమస్య దాదాపు తొలగిపోయింది. 2020 ఏప్రిల్ 1 నుండి బీఎస్-6 ప్రమాణాలు అమలులోకి వచ్చాక డీజిలు కార్లలో మసిని పట్టే ఫిల్టరు సర్వసాధారణమయింది. ఎప్పుడూ ఊరిలోనే తిరిగే కారులో ఇది పూడుకుపోయి శక్తి తగ్గుతుంది. అప్పుడప్పుడు రహదారిపై నిలకడైన వేగంతో నడిపితే వేడికి మసి కాలిపోతుంది. తడిగుడ్డతో సరిచేసుకునే రోజులు పోయి, నేడు లోపాన్ని కనుగొనడానికి కారు కంప్యూటరుకు తగిలించే స్కానరు అవసరమవుతున్నది.

చట్టం

మోటారు వాహనాల చట్టం, 1988లోని 122వ సెక్షను ప్రకారం ఇతరులకు ప్రమాదం లేదా ఆటంకం కలిగేలా వాహనాన్ని బహిరంగ ప్రదేశంలో వదిలిపెట్టరాదు. రాకపోకలకు అడ్డంగా వాహనాన్ని ఉంచినవారికి 201వ సెక్షను జరిమానా విధిస్తుంది. అనుకోకుండా చెడిపోయి, తొలగించే ప్రయత్నంలో ఉన్న వాహనానికి ఈ జరిమానా వర్తించదు.

నివారణ

* వేసవికి ముందు కూలెంటు, రేడియేటరు ఫ్యాను, బెల్టులు, బ్యాటరీ చూపించుకోవాలి.
* దుమ్ము దారులలో తిరిగే కార్లకు ఎయిర్ ఫిల్టరును తరచుగా చూడాలి.
* ఇంధన ఫిల్టరును గడువులోపు మార్చాలి.
* ఘాట్ ఎక్కే ముందు ట్యాంకులో తగినంత ఇంధనం ఉంచుకోవాలి.
* ఎరుపు త్రికోణం, టార్చిలైటు, నీళ్లు, లాగడానికి తాడు డిక్కీలో ఉంచాలి. త్రికోణాన్ని సామాను కింద కాక చేతికి అందేలా పెట్టాలి.

ఇవి కూడా చూడండి

* అంతర్దహన యంత్రం
* జాతీయ రహదారి 44
* జాతీయ రహదారి 40
* నల్లమల అడవులు
* వడదెబ్బ