పసికందుకు వెచ్చదనం

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు తొలి శత్రువు చలి. ఒంట్లో కొవ్వు తక్కువ, చర్మం పలచన. వైద్యం కోసం బట్ట తీస్తే చాలు, నిమిషాల్లో ఒళ్లు చల్లబడుతుంది.

1880 ప్రాంతంలో పారిస్ ప్రసూతి వైద్యుడు స్తెఫాన్ తార్నియే, జంతు ప్రదర్శనశాలలో గుడ్లు పొదిగే పెట్టెను చూసి, అలాంటిదే పసిపిల్లలకు చేయించారు. అడుగున వేడినీళ్లు, పైన బిడ్డలు. ఆయన ఆసుపత్రిలో రెండు కిలోలలోపు శిశువుల మరణాలు నూటికి 66 నుంచి 38కి తగ్గాయి.

1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక, డాక్టర్ ఎడ్గార్ రే బిడ్డలను తల్లి రొమ్ముకే ఆనించి కట్టించారు. అదే నేటి కంగారూ పద్ధతి. మడమ నుంచి రక్తం తీసేటప్పుడు కూడా బిడ్డను అలాగే ఉంచితే వెచ్చదనం నిలుస్తుంది, నొప్పీ తగ్గుతుంది. పెట్టె లేని ఊళ్లోనూ తల్లి ఒడి ఉంటుంది కదా!