వారాల పిల్లవాడు



మా నల్లపాడులో ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉన్నది. నరసరావుపేట వైపు రైలుదారీ, సత్తెనపల్లి వైపు రైలుదారీ ఇక్కడే కలుస్తాయి. ఆ పక్క ఊళ్ల పిల్లలు ఇక్కడ గదులు తీసుకుని స్వయంపాకం చేసుకుంటూ చదువుకుంటారు. ఒకనాడు మా వెనక వాటా కుర్రాడు వచ్చి, "పిన్నిగారూ, కూరల ఖర్చు తగ్గే దారేదైనా చెప్పండి" అన్నాడు. "మీ అమ్మనడుగు నాయనా, జాడీ పంపిస్తుంది" అన్నాను. నవ్వుతూ అన్నానే గాని, తరవాత పాతకాలం సంగతులు చాలా గుర్తుకొచ్చాయి.

వారాలు చెప్పుకుని చదువుకోవడమంటే మీరు వినే ఉంటారు. బీద పిల్లవాడు ఏడిళ్లు తిరిగి, ఇంటికొక రోజు చొప్పున భోజనం కుదుర్చుకునేవాడు. ఆరిళ్లే దొరికితే ఏడోరోజు పస్తే. ఆ ఇంటివాళ్లు ఊరెళ్లినా అంతే. మాట ఇచ్చేది ఇంటి యజమాని, వండి వడ్డించేది ఇల్లాలు. ఆ పిల్లవాడికి రెండోసారి మజ్జిగ పడేదీ లేనిదీ ఆవిడ మనసును బట్టే కదూ!

టంగుటూరి ప్రకాశంగారు అలా చదువుకున్నవారే. ఆయన 1872లో పుట్టారు. పదకొండో ఏట తండ్రి పోయారు. తల్లి సుబ్బమ్మగారు పిల్లలతో ఒంగోలు చేరి పూటకూళ్ల ఇల్లు పెట్టారు. అన్నం అమ్ముకోవడమంటే ఆ రోజుల్లో ఎంత చిన్నతనమో వేరే చెప్పాలా? పదిమందికి వండిపెట్టినా ఆ రాబడి చాలక, కొడుకు కలిగినవారి ఇళ్లలో వారాలకు కుదిరాడు. పరీక్ష ఫీజు మూడు రూపాయలకు ఆవిడ తన పట్టుబట్ట తాకట్టు పెట్టింది. ఆ కొడుకే 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యాడు. ఒంగోలు జిల్లాకు 1972లో ఆయన పేరు పెట్టారు.

అయితే ఒక మాట దాచకూడదు. వారాలు ఎక్కువగా బ్రాహ్మణ పిల్లలకే దొరికేవి. గడప దాటనివ్వని కులాల పిల్లవాడికి ఏ ఇల్లాలు విస్తరి వేసింది? వాళ్ల చదువులకు హాస్టళ్లే దిక్కయినాయి. ఇక ఆడపిల్ల వారాలు చెప్పుకుని చదివిందని ఎక్కడైనా విన్నారా? నేను వినలేదు. ఉన్నవ లక్ష్మీనారాయణగారు, లక్ష్మీబాయమ్మగారు 1922లో గుంటూరులో శారదానికేతనం పెట్టారంటే అది ఎంత పెద్ద పనో అప్పుడు తెలుస్తుంది.

మళ్లీ మా కుర్రాడి దగ్గరికి వద్దాం. నెలకు సరిపడా బియ్యం ఇంటినుంచే తెచ్చుకున్నాడు. ఒక్కపూట అత్తెసరు పెట్టుకుంటాడు. రాత్రి మిగిలింది పొద్దున్నే మజ్జిగ పోసుకుని చద్దన్నం, కాఫీ హోటలు దండగ లేదు. కూరలకు పొద్దువాలాక, బేరం తగ్గాక వెళ్తాడు. మిగతాదంతా కందిపొడి, గోంగూర పచ్చడి, ఊరమిరపకాయలే.

ఎండలు ముదిరేలోగా వాళ్లమ్మ పండుమిరప పచ్చడి జాడీ మోసుకుని రైలు దిగింది. కాయలు తుడిచి, తొడిమలు తీసి, రోట్లో తొక్కిందట. రెండు రాత్రులు చేతులు మండి నిద్రలేదట. అంతా నవ్వుతూనే చెప్పింది. కుర్రాడు సంబరంగా తన ఖర్చుల పుస్తకం తెచ్చి మా ఇద్దరికీ చూపించాడు. బియ్యం, నూనె, పాలు, అన్నీ పైసలతో సహా వేశాడు. పచ్చడి అన్నచోట మాత్రం, "ఖర్చు లేదు" అని రాసుకున్నాడు.