హద్దురాయి, బండ్ల బాట

రజతోత్సవ సంచికకు మన సీమ చరిత్రను గూర్చి ఒక వ్యాసము వ్రాయుమని గ్రంథాలయ కార్యదర్శిగారు నన్ను కోరిరి. రాజుల చరిత్ర వ్రాయదగినవారు పెక్కురు కలరు. నేను గ్రామ లెక్కలతో జీవితము గడపినవాడను. నాకు తెలిసిన చరిత్ర గెనిమలది, హద్దురాళ్లది, చేనికి పోవు బాటలది. ఇది చిన్న విషయమని చదువరులు త్రోసిపుచ్చకుందురు గాక. జానెడు గెనిమకై కోర్టు మెట్లెక్కి, ఆ ఖర్చులకు చేనినే అమ్ముకొన్న కుటుంబములు మన చుట్టుప్రక్కల ఏ ఊరికి ఆ ఊర కలవు.

కడప జిల్లాలోని ఎఱ్ఱగుడిపాడు శాసనము క్రీ. శ. 6వ శతాబ్ది నాటిదని పండితులు నిర్ణయించిరి. తెలుగున వెలసిన తొలి శాసనములలో నది యొకటి. అందేమున్నది? రేనాటి పాలకుడొకడు పన్నసభూమిని దానమిచ్చినాడు. ఆ దానమునకు సాక్షులైనవారి పేర్లు చెక్కించినాడు. మన భాష రాతికెక్కిన తొలినాళ్లలోనే భూమితోపాటు సాక్షి కూడ ఎక్కెనన్నమాట. తరువాతి దానశాసనములలో ఎల్లలు చెప్పు పద్ధతి పెరిగినది. తూర్పున గుట్ట, దక్షిణమున పుట్ట, పడమట చింతచెట్టు, ఉత్తరమున వాగు అనునట్లు సాగును. మూడు ఊళ్ల పొలిమేరలు కలియు చోటునకు ముయ్యలికుట్ర యను చక్కని మాట శాసనములలో నున్నది. నేడు మన దస్తావేజులలో వ్రాయు చెక్కుబంది వాటికి మునిమనుమడే.

గుట్ట కదలదు గాని చెట్టు పడిపోవును, పుట్ట కరగిపోవును. అప్పుడేమి చేయవలెను? మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయమున సీమావివాదమునకు ఒక ప్రకరణమే కలదు. ఎల్లమీద మఱ్ఱి, రావి, మోదుగు వంటి చెట్లు నాటవలెనని అందు చెప్పబడినది. అవి పోయినను గుర్తు పోకుండుటకు రాళ్లు, ఎముకలు, ఊక, బూడిద, బొగ్గులు, పెంకులు భూమిలో పాతిపెట్టవలెనట. తగవు తీర్చుటకు జ్యేష్ఠమాసము మంచిదట. అప్పటికి పైరు పచ్చ లేక గట్లు బయటపడి యుండును. మన మెట్టచేలను చూచినవానికి ఈ మాట ఎంత సత్యమో తెలియును. సాక్షులు ఎఱ్ఱని బట్టలు కట్టి, ఎఱ్ఱని దండలు వేసికొని, తలపై మన్ను పెట్టుకొని ప్రమాణము చేయవలెను. పొరుగువారు దొరకనిచో అడవిలో తిరుగు వేటకాండ్రను, పశువుల కాపరులను, పాములు పట్టువారిని సైతము అడుగవచ్చును. నేల ఎరిగినవాడు నేలమీద తిరుగువాడే గదా! బెదరించి పరుని చేను ఆక్రమించినవానికి 500 పణములు, తెలియక ఆక్రమించినవానికి 200 పణములు దండువు.

ఇక్కడ ఒక ముచ్చట. చేను, బావి, తోట, ఇల్లు వీని హద్దు తగవులలో సామంతుల మాటయే ప్రమాణమని ఆ ప్రకరణము. సామంతుడనగా చక్రవర్తికి కప్పము కట్టు చిన్నరాజని నేను చాలకాలము భ్రమపడితిని. కాదు, ఆ మాటకు మొదటి అర్థము పొరుగువాడనియే. హద్దు కలిసినవాడు సామంతుడు. కిరీటము తరువాత వచ్చినది. 13వ శతాబ్దిలో కేతన విజ్ఞానేశ్వరీయమును తెనిగించుటతో ఇట్టి ధర్మశాస్త్ర విషయములు తెలుగువారికి తమ భాషలోనే అందినవి.

1800లో నిజాము మన సీమను ఇంగ్లీషు కుంపిణీకి దత్తము చేసెను. కర్నూలు మాత్రము 1839 వరకు నవాబు క్రిందనే యుండెను. దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1802లో చేలను కొలిపింప మొదలుపెట్టెను. గొలుసు పొడవు 33 అడుగులు. ఆ గొలుసు నాలుగు ప్రక్కల పట్టిన చదరము ఒక కుంట. 40 కుంటలు ఒక ఎకరము. నేటికిని మనము కుంటలలో మాటలాడుట ఆ గొలుసు పుణ్యమే. 1858లో మద్రాసు రాజధానియందు సర్వే శాఖ ఏర్పడిన పిమ్మట క్రమముగా పటములు, నంబర్లు, పాతిన రాళ్లు వచ్చినవి. 1923వ సంవత్సరపు 8వ చట్టము సర్వే, హద్దుల విషయమై నేటికిని మనకు ఆధారము. సర్వే అధికారి తీర్పు నచ్చనివాడు 3 నెలలలో అప్పీలు చేసికొనవచ్చును, 3 ఏండ్లలో సివిలు దావా వేయవచ్చును. ఊరకున్నవానికి ఆ కొలతయే ఖాయము.

ఈ కొలతలన్నియు మొదట శిస్తు కొరకు పుట్టినవి. శిస్తు చేనికి గాని చేనికి పోవు బాటకు లేదు. ఊరి రస్తా పటమున కెక్కినది. గెనిమల వెంబడి సాగు బండ్ల బాటలు, కపిల బావులకు ఎద్దులను తోలుకొనిపోవు దారులు అనేకము ఎక్కలేదు. వానిని గూర్చి 1882లో అనుభోగ హక్కుల చట్టము వచ్చినది. పరుని నేలమీదుగా 20 ఏండ్లు బహిరంగముగా, తగవు లేక, ఆటంకము లేక, హక్కుగా నడచినవానికి ఆ దారి హక్కు సిద్ధించును. అన్నదమ్ముల పంపకమున ఒక భాగమునకు దారియే లేకపోయినచో, ఆ అవసరముచేతనే దారి హక్కు పుట్టును. దారి ఎటు విడువవలెనో ఇచ్చువాడే చూపవచ్చును గాని, అది నడచువానికి తగినంత అనుకూలమై యుండవలెను. నడచువాడును ఎదుటివాని నేలకు ఎంత తక్కువ బాధయో అట్లే నడువవలెను. 20 ఏండ్లు నడువక విడిచిన హక్కు నశించును.

ఇందు హక్కుగా అను మాటను గమనింపుడు. అడిగి నడచినవానికి ఎన్ని ఏండ్లైనను ఈ హక్కు రాదు. అది అనుమతి మాత్రమే. మన పెద్దలు పాటించిన మర్యాదయే వారి బిడ్డలకు చేటయ్యెను. నేను చూచినదే చెప్పెదను.

మన ఊరిలో వంక దిగువనున్న ఒక చేనికి ఎగువ చేని గెనిమ మీదుగా బండి పోవుచుండెను. దిగువ చేని పెద్దాయన ఏటేట కోతలకు ముందు ఎగువాయన ఇంటి అరుగుమీద కూర్చుండి, "మామా, బండి తోలుకొందునా?" అని అడుగును. "తోలుకోరా అబ్బీ, దీనికి కూడ అడుగుతావా?" అని ఆయన జవాబు. ఇరువురును పోయిరి. ఎగువాయన కుమారుడు చేని చుట్టు నాపబండలు పాతించెను. దిగువాయన కుమారుడు దస్తావేజు చంకన పెట్టుకొని నా యొద్దకు వచ్చెను. నేను పటము విప్పి చూచి, "బాట లేదు" అంటిని.

"అన్నా, పటము గీసినోడు మా బండిని చూసినాడా?" అని అతడడిగెను.

నేను సమాధానమీయలేదు. చిన్ననాట ఆ బండిలో జొన్న చొప్ప మీద కూర్చుండి ఆ గెనిమ వెంట వచ్చినవాడను నేను. ఆ మాట అప్పుడు చెప్పలేదు. ఎగువ ఇంటివారితో నాకు మంచి స్నేహము. పటమును అడ్డము పెట్టుకొనుట సులభముగా తోచినది. నేను సాక్ష్యము చెప్పినంత మాత్రమున కోర్టులో నెగ్గెడివాడో లేదో. పంచాయతిలో మాత్రము ఎగువవాడు ఒక బండను తీసి దారి విడిచెడివాడని నా నమ్మకము. రెండేండ్లు ఆ చేను బీడు పడెను. మూడవ ఏట ఎగువవానికే తక్కువ ధరకు అమ్ముడుపోయెను. చెక్కుబంది నేనే వ్రాసితిని. వ్రాతకూలి తీసికొనలేదు, దానివలన ఒరిగినదేమియు లేదు.

2020 డిసెంబరులో మన రాష్ట్రమున పునఃసర్వే మొదలైనది. గొలుసు పోయి, ఆకాశమున ఎగురు డ్రోను వచ్చినది; హద్దు అంగుళములలో తేలుచున్నది. మేలే. కాని బండి చక్రపు జాడ పైకి కనిపించునేమో గాని, ఎవరు ఎవరిని అడిగి నడచిరో ఏ యంత్రమునకు కనిపించును? అది తెలిసిన ముసలివారు మన ఊరిలో వ్రేళ్లమీద లెక్కింపదగినంతమంది మిగిలిరి.

అందుచేత కార్యదర్శిగారి అనుమతితో గ్రంథాలయమున ఒక గట్టి అట్ట పుస్తకము పెట్టితిమి. ఏ చేనికి ఏ గెనిమ వెంట దారి, ఉమ్మడి బావిలో ఎవరి వంతు ఎన్ని గడియలు, ఏ మిద్దె వాన నీరు ఎవరి దొడ్డిలో పడుటకు ఒప్పుదల, ఇవి ఇరుపక్షములవారు కూర్చుండి చెప్పినచో వ్రాసి, సాక్షుల సంతకములు తీసికొందుము. ఇది రిజిస్టరు దస్తావేజు కాదు, ఆ సంగతి మొదటనే చెప్పుచున్నాను. పుస్తకము వార్తాపత్రికల బల్ల వెనుక బీరువాలో, క్రింది అరలో ఉన్నది. సాయంకాలము దీపము పెట్టిన తరువాత నేనచటనే యుందును. మొదటి పుటలో ఆ వంక దిగువ చేని బాటను వ్రాసితిని. ఇప్పుడు దానితో ఎవరికిని పని లేదు. సాక్షి సంతకము నాది.