హీమోగ్లోబిన్ పరీక్షలో యంత్ర ఫలితాల దోషాలు

హీమోగ్లోబిన్ అనగా ఎర్ర రక్తకణాలలో ఉండి ప్రాణవాయువును మోసుకుపోయే పదార్థము. దీనిని డెసిలీటరుకు ఇన్ని గ్రాములని కొలుస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం ప్రకారం ఇది వయోజన పురుషులలో 13, గర్భవతులు కాని స్త్రీలలో 12 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనతగా పరిగణిస్తారు. భారతదేశంలో రక్తదాతకు కనీసం 12.5 గ్రాములు ఉండాలి. హైదరాబాదు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ రక్తనిధికి వచ్చే దాతకైనా ఇదే నియమం. కనుక ఒక గ్రాము తేడాను చిన్నదిగా చూడరాదు.

కొలిచే విధానం

యంత్రం రక్తాన్ని పలుచన చేసి, కణాలను పగులగొట్టి, వెలువడిన హీమోగ్లోబిన్‌ను రంగుగల సమ్మేళనంగా మార్చి, దాని గుండా వెలుగును పంపుతుంది. డ్రాబ్‌కిన్ ద్రావణంతో చేసే ప్రామాణిక పద్ధతిలో 540 నానోమీటర్ల వెలుగును వాడతారు. ఆ ద్రావణంలో సయనైడు ఉన్నందున నేటి యంత్రాలలో అనేకం సోడియం లారిల్ సల్ఫేటు వంటి వాటిని వాడుతున్నాయి. ఏ పద్ధతిలోనైనా వెలుగును ఆపినది హీమోగ్లోబినా, మరొకటా అన్నది యంత్రానికి తెలియదు. చిక్కంతా ఇక్కడే ఉంది.

దోష నిర్ధారణ

ముందుగా విలువ తెలిసిన నియంత్రణ నమూనాను నడపాలి. అదీ తప్పుగా వస్తే లోపం ద్రావణంలోనో, క్రమాంకనంలోనో, సూదిలోనో ఉన్నట్లు. అది సరిగా ఉండి ఒక్క రోగి ఫలితమే వింతగా ఉంటే గొట్టాన్ని అనుమానించాలి.

హీమోగ్లోబిన్‌ను మూడుతో హెచ్చిస్తే దాదాపు హెమటోక్రిట్ శాతం రావాలి. కణాల పరిమాణం మామూలుగా లేనివారికి ఈ లెక్క అంతగా నప్పదు. ఉదాహరణకు హీమోగ్లోబిన్ 12.6, హెమటోక్రిట్ 28 వచ్చాయనుకుందాం. 38 ఉండవలసిన చోట 28 ఉంది. గొట్టాన్ని అపకేంద్రయంత్రంలో తిప్పితే పైన తేరిన ప్లాస్మా పాలవలె తెల్లగా కనిపిస్తే, కొవ్వు వెలుగును అడ్డగించినదని అర్థం. ఆ ప్లాస్మాను విడిగా కొలిస్తే 4.0 చూపిందనుకుంటే, రక్తంలో ప్లాస్మా వాటా 0.72 కనుక 2.88 తీసివేయాలి. అసలు విలువ 9.7 మాత్రమే. సవరించకుంటే రక్తహీనత గల స్త్రీకి ఏ లోపమూ లేదని నివేదిక వెళ్ళేది.

చలికి ఎర్రకణాలు గుంపులు కట్టే రక్తంలోనూ ఇదే వ్యత్యాసం కనబడుతుంది. అయితే అక్కడ హీమోగ్లోబిన్ సరైనదే, హెమటోక్రిట్ తప్పు. నమూనాను 37 డిగ్రీల సెల్సియస్‌కు వెచ్చబెట్టి తిరిగి నడిపితే సరిపోతుంది.

తప్పుగా తగ్గుట

సెలైన్ ఎక్కుతున్న చేతి నుండి తీసిన రక్తం పలుచనై విలువ తగ్గుతుంది. దీనిని ఏ గణితమూ సరిదిద్దలేదు, మరో చేతి నుండి మళ్ళీ తీయవలసిందే. గొట్టంలో గడ్డ ఉన్నా అంతే. చిక్కడపల్లి, అశోక్‌నగర్ వంటి పేటలలో సేకరించి వేరొక చోటి ప్రయోగశాలకు పంపే గొట్టాలలో ఎర్రకణాలు అడుగుకు చేరతాయి. వాటిని యంత్రంలో పెట్టేముందు కుదపకుండా, మెల్లగా 8 నుండి 10 సార్లు తలక్రిందులు చేసి కలపాలి.