తొలకరికి ముందు ఇంటి మరమ్మతు

తెలుగు ప్రాంతాల దాన శాసనాలలో దేవాలయానికి భూమి ఇచ్చిన దాతలు నైవేద్యానికీ దీపారాధనకూ తోడుగా ‘ఖండస్ఫుటిత జీర్ణోద్ధారణ’కు, అంటే విరిగిన, పగిలిన, శిథిలమైన భాగాలను బాగుచేయించడానికి కూడా ఆ ఆదాయాన్ని వినియోగించాలని నిర్దేశించడం కనిపిస్తుంది. గుడి గోడకు ఆ విధంగా రాతిమీద ఏర్పాటు జరగగా, రైతు ఇంటి గోడకు అటువంటి రాత ఏదీ లేదు. దాని బాగోగులు కార్తెల లెక్కలో ఇమిడి ఉండేవి. రోహిణి కార్తె ఎండలకు పొలంపని ఆగిపోయిన రోజులలో, జూన్ 8 ప్రాంతంలో మృగశిర ప్రవేశించి తొలకరి పడేలోగా, ఇంటి పైభాగాన్ని పరీక్షించి సరిచేసుకోవడం ఆచారమైనందువల్ల, ఇంటి తనిఖీ పల్లెలలో ఒక ప్రత్యేక వృత్తిగా ఏర్పడవలసిన అవసరం రాలేదు.

ఈ ఆచారం అత్యంత శ్రమతో కూడిన రూపంలో నిలిచింది రాయలసీమ మట్టి మిద్దె మీదనే. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే అనంతపురం వంటి సీమలో కప్పుకు నిటారైన వాలు అక్కరలేదు గనుక, దూలాల మీద అడ్డంగా దంతెలనే సన్నని కొయ్యలు వేసి, వాటిపైన చెక్కపేళ్లో నాపరాళ్లో పరిచి, దానిమీద మందంగా మట్టి వేసి, చివరి పొరగా చౌడుమట్టిని పరిచేవారు. పంటకు పనికిరాని చౌడు కప్పుకు పనికిరావడానికి భౌతికమైన కారణమే ఉంది: సోడియం అధికంగా ఉన్న ఆ మట్టి తడిసినప్పుడు సన్నని రేణువులు విడివడి సందులను పూడ్చివేస్తాయి కాబట్టి, పైపొర బిగుసుకొని నీటిని కిందికి దిగనివ్వదు. అయితే అదే పొర ఎండకు పగులుతుంది, గాలికి కొంత ఎగిరిపోతుంది, వానకు కొంత కొట్టుకుపోతుంది. అందువల్ల ఏటేటా మిద్దెక్కి, మొలిచిన గడ్డి పీకి, నెర్రెలు పూడ్చి, కొత్త చౌడు తెచ్చి పరిచి, దిమ్మిసతో కొట్టి, నీరు బయటికి జారే గొట్టంవైపు వాలు సరిచూడవలసి వచ్చేది. వెలుతురు రావడానికీ పొగ పోవడానికీ కప్పులో వదిలిన గవాచి అంచును మరింత జాగ్రత్తగా చూసేవారు. పాత పొర తీయకుండా ఏడాదికేడాది కొత్త మట్టి పోస్తూపోయిన ఇళ్లలో బరువు పెరిగి దూలాలు వంగేవి, ముసురు పట్టినప్పుడు తడిసిన మిద్దె కూలేది కూడా. బద్ధకపు మరమ్మతుకు మిద్దె విధించిన శిక్ష అది.

కోస్తాలో వాన ఎక్కువ గనుక కప్పు వాలుగా దిగి తాటాకునో పెంకునో ధరించింది. కుమ్మరి సారెమీద గొట్టంలా తీసి నిలువునా రెండుగా కోసి కాల్చిన గూనపెంకును ఒక వరుస వెల్లకిలా, దాని అంచులను కప్పుతూ మరొక వరుస బోర్లా పేర్చేవారే తప్ప, దాన్ని పట్టి ఉంచే మేకుగాని కొక్కెంగాని ఉండేది కాదు. కోతులు దూకినా, పెనుగాలి వీచినా వరుస చెదిరేది; కాబట్టి పగిలినవాటిని ఏరివేసి, మంచివాటిని చూరునుంచి పైకి తిరిగి పేర్చే పనిని, పెంకు నేయించడమని పిలిచేదాన్ని, తరచుగా చేయించక తప్పేది కాదు. దీన్ని కేవలం ఖర్చుగా చూడడం సరికాదు. పెంకు తీసిన ప్రతిసారీ కింది వాసాలు బయటపడేవి. ఏ వాసానికి చెదలు పట్టిందో, ఏ దూలం తల గోడలో పుచ్చిందో తెలిసేది. కప్పు బలహీనతే దాని ఎముకలను చూపించింది.

ఈ స్థితిని మార్చినది మంగుళూరు పెంకు. అల్సాస్‌కు చెందిన గిలార్డోనీ సోదరులు 1841లో పేటెంటు పొందిన, ఒకదానిలో ఒకటి గాడితో ఇమిడే పెంకు నమూనా భారతదేశానికి చేరి, 1865లో బాసెల్ మిషన్‌కు చెందిన గియోర్గ్ ప్లెబ్స్ట్ ఆధ్వర్యంలో మంగుళూరులో కర్మాగారంగా రూపుదాల్చింది. బల్లపరుపుగా, కొలత తప్పకుండా అచ్చులో తయారైన ఈ పెంకు తెలుగు పట్టణాలకూ వ్యాపించి, కొన్నిచోట్ల బెంగుళూరు పెంకు అనే పేరుతో స్థిరపడింది. పగిలిన ఒక్క పెంకును మార్చితే చాలును గనుక కప్పంతా విప్పే అవసరం తగ్గింది. దానితోపాటు వాసాలను చూసే సందర్భమూ తగ్గింది.

గోడల సంగతి ఇంత చిక్కైనది కాదు. ముందుకు పొడుచుకు వచ్చిన చూరు వాన జల్లును, గోడ మొదట కట్టిన అరుగు నేలనుంచి చిందే నీటిని అడ్డుకొనేవి. ఆపైన పండుగలకు వేసే వెల్ల, అలికే పేడ, తెలంగాణలో పూసే ఎర్రని జాజు అందంకోసమే అనిపించినా, చేయి ప్రతి అంగుళాన్నీ తడిమే పని కావడంవల్ల పగులు దాగేది కాదు.

ఇరవయ్యో శతాబ్దంలో సిమెంటు కాంక్రీటు శ్లాబు సామాన్యుల ఇళ్లకూ చేరినప్పుడు, ఇక ఏటేటా కప్పెక్కనక్కరలేదనే నమ్మకం కూడా దానితో వచ్చింది. ఆ నమ్మకం తప్పు. శ్లాబులోని ఇనుప చువ్వకు తేమ తగిలితే తుప్పు పడుతుంది. తుప్పు అసలు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి లోపలినుంచి ఒత్తి కాంక్రీటును చీలుస్తుంది. పెచ్చు ఊడి చువ్వ కనిపించేసరికి నష్టం చాలా ముందుకు సాగి ఉంటుంది. చెదలు పట్టిన వాసాన్ని విడిగా తీసి మార్చినంత సులువుగా ఆ చువ్వను మార్చడం కుదరదు. పైగా బహుళ అంతస్తుల భవనంలో కప్పు ఏ ఒక్క కుటుంబానిదీ కాదు: 1987 నాటి ఆంధ్రప్రదేశ్ అపార్టుమెంట్ల చట్టం పునాదులను, ప్రధాన గోడలను, పైకప్పును ఉమ్మడి భాగాలుగానే లెక్కిస్తుంది.